యువకూటంలో వచ్చిన ప్రశ్న

ఆదివారం ఆరాధన అయ్యాక, తిరుపతిలో మా సంఘం యువకూటంలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది: "అన్నా, బిగ్ బ్యాంగ్‌ను నమ్మితే దేవుణ్ణి కాదన్నట్టేనా?" ఆ ప్రశ్నను ఎంతకాలంగా మనసులో దాచుకుందో, గొంతు వణికింది.

విశ్వం విస్తరిస్తోందని 1927లో ప్రతిపాదించి, విశ్వానికి ఒక ఆరంభం ఉందనే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ లెమైత్ర్ ఒక కాథలిక్ గురువని చెప్పాను. కళ్ళు పెద్దవి చేసింది. ఆయనలో నాకు మరీ నచ్చేది వేరే ఉంది. 1951లో పోప్ 12వ పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికార్యానికి ఊతంగా చూపితే, లెమైత్ర్‌కు అది రుచించలేదు. విశ్వాసానికి సమీకరణాలను సాక్షులుగా పిలవడం ఆయనకు ఇష్టం లేదు. మన ప్రసంగాల్లో విజ్ఞానాన్ని తిట్టడమో, ప్రతి ఆవిష్కరణనూ వాక్యంలో వెతకడమో వింటాం గానీ, ఈ నిజాయితీ అరుదు. అది నన్ను నిజంగా బాధిస్తుంది.

అంత దూరం ఎందుకు, మన మదనపల్లె దగ్గరే ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం 1915లో క్రైస్తవ మిషన్లు కలిసి తెరిచిన శానటోరియం అది. దేశంలో క్షయను అడ్డుకునే బీసీజీ టీకాలు మొదలైంది కూడా మదనపల్లెలోనే, 1948లో. రోగి కోసం ప్రార్థించడం, కఫాన్ని పరీక్షించడం అక్కడ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

యువతను ఒకసారి అక్కడికి తీసుకెళ్దామని పాస్టరుగారిని అడిగాను. వెంటనే సరేనన్నారు. బస్సు మాట్లాడాలి.