సముద్రం పక్కన ఈతకొలను

వైజాగ్ వెళ్లినవాళ్లు సముద్రం చూసి వస్తారు. మేం మాత్రం బీచ్ రోడ్డులోని ఈతకొలను కోసం వెళ్లాం. మా అన్నయ్య కూతురికి అక్కడ పోటీలు. రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కి, అన్నవరం కొండకి కిటికీలోంచే దండం పెట్టి, మధ్యాహ్నానికి దిగాం.

దారంతా దాని నోట ధినిధి దేసింగు కబుర్లే. బెంగళూరు అమ్మాయి, స్విమ్మర్. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లినవాళ్లందరిలోకీ చిన్నది, 14 ఏళ్లు.

"మెడల్ రాలేదుగా?" అన్నారు ఎదురు సీటు పెద్దాయన.

"తన హీట్‌లో ఫస్ట్ వచ్చింది తాతగారూ! 200 మీటర్ల ఫ్రీస్టయిల్, 2 నిమిషాల 6.96 సెకన్లు."

హీట్ అంటే మొదటి రౌండులో ఒక్కో గుంపుకి విడిగా పెట్టే పోటీ. అన్ని హీట్లూ కలిపి చూస్తే 23వ స్థానం. సెమీస్‌కి వెళ్లేది 16 మందే. మన వార్తల్లో ఇది 'ఇంటిముఖం' అనే ఒక్క ముక్కతో తేలిపోతుంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఈదిన ఆరతీ సాహాకి అప్పటికి 11 ఏళ్లేనని నేను చెబితే మా పిల్ల నమ్మలేదు, ఫోన్‌లో వెతుక్కుంది.

జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోకి అడుగుపెట్టగానే సముద్రపు గాలి పోయి క్లోరిన్ వాసన. గట్టు మీద అమ్మానాన్నలు తువ్వాళ్లు, ఫ్లాస్కులు పట్టుకుని కూర్చున్నారు. టెన్షనంతా వాళ్లదే. మా పిల్లది బ్యాక్‌స్ట్రోక్. వెల్లకిలా ఈదుతుంటే గోడ కనిపించదు కదా, అందుకని గోడకి 5 మీటర్ల ఇవతల నీళ్లకి అడ్డంగా జెండాల తోరణం కడతారు. అది తల మీద కనపడ్డ క్షణం నుంచి చేతులు లెక్కపెట్టుకోవాలి. దాని లెక్క నాలుగు. ఐదోది వేస్తే తల గోడకి తగులుతుంది, మూడుకే తిరిగితే కాళ్లకి గోడ అందదు. వార్మప్ మొత్తం ఆ నాలుగే సాధన చేసింది. గోదావరి రేవులో ఈత నేర్చిన నాకు ఇదంతా గడియారం రిపేరులా అనిపించింది.

పోటీలో నాలుగో స్థానం. టైమింగ్ మాత్రం మెరుగైంది. ఇంకా జూనియర్ నేషనల్స్ దాకా వెళ్లాలి, అక్కడ టైమింగ్ కుదిరితేనే ఇండియా జట్టు మాట.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ తింటూ, "కాసేపు దిగుతావా?" అన్నాను.

"వద్దు బాబాయ్, కెరటాల్లో ఈదితే స్ట్రోక్ పాడవుతుందని సార్ తిడతారు. ఇంకో పొట్లం కొను."