తెల్ల కారుకి మళ్లీ మెరుపు

మాది విశాఖపట్నంలోని జ్ఞానాపురం. ఇక్కడ వీధిలో పెట్టుకునే కారుకి ఉప్పుగాలి, మసి, ఇనుప రజను తప్పవు. నాన్నగారి తెల్ల ఆల్టో బానెట్ పాత సున్నం గోడలా వెలిసిపోయింది. "కొత్త రంగు వేయించేద్దాం రా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలో వేసిన రంగుని ఉన్నంతకాలం కాపాడుకోవాలి.

షాంపూతో కడిగాక చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరి చూడండి. గరగరలాడితే రజను పెయింట్‌లో దిగబడిందన్నమాట. దానికి ఐరన్ రిమూవర్, అంటే ఇనుప రజనుని కరిగించే ద్రవం, స్ప్రే చేయాలి, అదీ నీడలోనే. తెల్ల కారు మీద ఇది కళ్లారా చూడాల్సిందే: కంటికి ఆనని చుక్కలన్నీ ఊదారంగుకి తిరిగి, సన్నటి ధారలై తలుపుల మీదుగా కిందికి కారతాయి. ఆరకముందే నీళ్లు కొట్టి కడిగేయాలి. ఇంకా మిగిలితే క్లే బార్, అంటే మురికిని పట్టి లాగే మెత్తటి బంకముద్దతో, బాగా తడి చేస్తూ రుద్దాలి.

పాలిష్ ఆ తర్వాతే. ముందు ఓ మూల, నల్లగుడ్డతో, తెల్లది కాకుండా వేరే రంగున్న పాలిష్‌తో రుద్దాను. గుడ్డకి తెల్లటి పొడి అంటింది, అది కారు రంగే, అంటే పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పొర) లేదు. కాబట్టి రంగుని ఎక్కువగా అరగదీసే గట్టి కాంపౌండ్ జోలికి పోకుండా మెత్తటి పాలిషే వాడాను. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా ఆడాలి. చివర్లో వ్యాక్స్. మన సముద్రపు గాలికి అది తొందరగా పోతుంది, మళ్లీ మళ్లీ పెట్టుకోవాల్సిందే.

క్లియర్ కోట్ ఉన్న కారుకి అది పొరలుగా ఊడుతుంటే మాత్రం ఏ పాలిషూ పనిచేయదు, పెయింటర్ దగ్గరికే తీసుకెళ్లండి.