ఒక నోటు పుస్తకం, మూడు దేశాల లెక్కలు

2022 జూన్‌లో మేము న్యూజెర్సీ నుంచి కెనడాకు మారినప్పుడు మా అమ్మాయికి 13 ఏళ్ళు, అబ్బాయికి 6 ఏళ్ళు. అమ్మాయి హైదరాబాదులో పుట్టి, అయిదేళ్ళ వయసులో మాతోపాటు అమెరికా వచ్చింది. అబ్బాయి అక్కడే పుట్టాడు. అందువల్ల ఒకే ఇంట్లో అక్కది భారతదేశపు పాస్‌పోర్టు, తమ్ముడిది అమెరికా పాస్‌పోర్టు. ఉద్యోగం మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన ఉన్నందున మనవాళ్ళ వరుస ఏళ్ళ తరబడి కదలదు. అది కదిలేలోపు అమ్మాయికి 21 ఏళ్ళు నిండితే, తండ్రి వీసా మీద ఆధారపడి ఉండే హక్కు పోతుంది. తాను అక్షరాలు దిద్దిన దేశంలోనే ఉండటానికి వేరే వీసా వెతుక్కోవాలి. జీతం కొంత తగ్గుతుందని తెలిసి కూడా మేము సరిహద్దు దాటడానికి కారణం ఇదే. ఈ కారణాన్ని అమ్మాయికి దాచకుండా చెప్పాము. కానీ డబ్బు సంగతులు మాత్రం చెప్పలేదు. పిల్లల ముందు డబ్బు మాటలు మాట్లాడకూడదన్న పద్ధతిలో పెరిగినవాళ్ళం మేమిద్దరమూ.

ఆ పద్ధతి మొదట సడలింది సామాన్ల జాబితా దగ్గర. కెనడాలో స్థిరపడటానికి వచ్చేవారు తమ వెంట తెచ్చే వస్తువులనూ, తరువాత రాబోయే వస్తువులనూ మొదటిసారి ప్రవేశించే రోజునే రెండు జాబితాలుగా, విలువలతో సహా చూపించాలి. రెండో జాబితాలో లేనిది తరువాత వస్తే సుంకం కట్టవలసి రావచ్చు. నేను పెట్టెలు సర్దుతుంటే అమ్మాయి ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి రాయడం మొదలుపెట్టింది. నా పెళ్ళి నగలకు ఒక్కొక్కదానికి ఫొటో తీసి, నగల దుకాణంలో విలువ కట్టించిన కాగితం చూసి అంకెలు వేసింది. చివరికి మా అమ్మ ఇచ్చిన ఇత్తడి ఉగ్గుగిన్నె చేతిలో పట్టుకుని, "దీనికి ఎంత రాయాలమ్మా?" అని అడిగింది. ఇద్దరు పిల్లలకూ పాలు పట్టిన గిన్నె అది, అంచున చిన్న సొట్ట కూడా ఉంది. అయిదు డాలర్లు రాయమన్నాను. అది రాయడానికి దానికి మనసు రాలేదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, పది అని రాసింది. సరిహద్దు మీది పీస్ బ్రిడ్జి దాటి కెనడా వైపు ఫోర్ట్ ఈరీలో కాగితాలు చూపించినప్పుడు ఆ అధికారి జాబితా అంతా చదివి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ నోటు పుస్తకమే తరువాత మా ఇంటి లెక్కల పుస్తకమైంది.

టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో దిగిన వారం లోపల నాకు, ఇక్కడ పని చేయడానికి కావలసిన సోషల్ ఇన్సూరెన్స్ నంబరు వచ్చింది. ఇది నాకు ఎంత పెద్ద సంగతో, భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు వచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. అమెరికాలో ఎనిమిదేళ్ళూ పని చేసే అనుమతి లేక, పన్ను కాగితాల కోసం మాత్రమే పనికివచ్చే నంబరుతో గడిపాను. ఇక్కడ పిల్లల పోషణకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్, తల్లిదండ్రులిద్దరూ కలిసి ఉంటే సాధారణంగా తల్లి పేరనే వస్తుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇస్తారు గనుక మాకు వచ్చే మొత్తం చిన్నదే. అయినా నా పేరు మీద వచ్చిన ఆ ఉత్తరాన్ని అమ్మాయి రెండుసార్లు చదివింది. "ఇది నీ డబ్బేనా?" అని అడిగింది. ఇది మీ ఇద్దరి డబ్బు, చూసుకునే బాధ్యత నాది అన్నాను. ఈ సొమ్ము ఆగకుండా రావాలంటే ఆదాయం ఉన్నా లేకపోయినా భార్యాభర్తలిద్దరూ ఏటా పన్ను రిటర్ను వేయాలి. అమెరికాలో దంపతులిద్దరికీ కలిపి ఒకటే రిటర్ను వేసే అలవాటుతో వచ్చినవారు ఇది మరచిపోతుంటారు. కెనడాలో ఎవరి రిటర్ను వారిదే, ఎవరి పన్ను వారిదే. ఒక్కరే సంపాదించే ఇంటికి ఆ తేడా బరువుగా తెలుస్తుంది.

మొదటి ఏడాది మేము ఒక పొరపాటుకు చాలా దగ్గరగా వెళ్ళాము. టి.ఎఫ్.ఎస్.ఎ. అనే ఖాతాలో పెట్టిన డబ్బు మీద వచ్చే రాబడికి కెనడాలో పన్ను ఉండదు. తెలిసినవారొకరు దాని పరిమితి 81,500 డాలర్లని చెప్పారు. 2009లో ఆ పథకం మొదలైనప్పటి నుంచి ఇక్కడే ఉన్నవారికి 2022 నాటికి పోగయిన పరిమితి అది. అమెరికాలో దాచిన డబ్బును మార్పించి అందులో వేయబోతుండగా మావారికి అనుమానం వచ్చి నిబంధన చదివారు. కొత్తగా వచ్చినవారికి పరిమితి వచ్చిన సంవత్సరం నుంచే లెక్క. మాకు ఆ ఏడాదికి తలా 6,000 డాలర్లే. మించి వేసిన మొత్తంపై నెలకు 1 శాతం చొప్పున పన్ను పడేది. పదవీ విరమణ కోసం దాచుకునే ఆర్.ఆర్.ఎస్.పి.కి కూడా ఇలాంటిదే: కిందటి ఏడాది ఇక్కడ సంపాదించిన దానిలో 18 శాతం గనుక, దిగిన సంవత్సరంలో ఏమీ వేయలేము. అమెరికాలో ఉద్యోగం ద్వారా పదవీ విరమణకు దాచిన మావారి 401(కె) ఖాతాను కదిలించలేదు. 59 ఏళ్ళ 6 నెలలు నిండకముందు తీస్తే పన్నుతోపాటు 10 శాతం జరిమానా ఉంటుంది. ఆయన అమెరికాలో పనిచేసింది ఎనిమిదేళ్ళు, అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛనుకు పదేళ్ళు కావాలి. ఆ సొమ్ము పోయినట్టేనని ఎన్నాళ్ళో బాధపడ్డాము. అయితే 1984 నుంచి అమెరికా, కెనడాల మధ్య పింఛన్ల ఒప్పందం అమలులో ఉంది. కెనడాలో కట్టిన కాలాన్ని కూడా కలిపి అర్హత చూస్తారు. అమెరికాకూ భారతదేశానికీ మధ్య ఇలాంటి ఒప్పందం లేదు. తిరిగి ఇండియాకే వెళ్ళి ఉంటే ఆ ఎనిమిదేళ్ళ చందాకు ఈ వెసులుబాటు దొరికేది కాదు.

పిల్లల చదువు డబ్బు దగ్గరే పాస్‌పోర్టుల తేడా స్పష్టంగా కనిపించింది. అబ్బాయి చదువు కోసం వాడి పేరిట అమెరికాలో తెరిచిన 529 అనే ఖాతాకు కెనడా పన్ను చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. అందులో ఉన్నది కొద్ది మొత్తమే గనుక బయలుదేరకముందే, రాబడి మీద పన్నూ జరిమానా కట్టి మూసివేశాము. ఇక్కడ పిల్లల చదువుకు దాచే ఆర్.ఇ.ఎస్.పి. అనే ఖాతా తెరిస్తే, బిడ్డకు ఏటా వేసే మొదటి 2,500 డాలర్లపై ప్రభుత్వం 20 శాతం, అంటే 500 డాలర్లు కలుపుతుంది; ఒక్కొక్కరికి మొత్తం మీద 7,200 వరకు ఇస్తుంది. పెద్ద పిల్లలతో వచ్చేవారు గమనించవలసిన నిబంధన ఒకటుంది. 16, 17 ఏళ్ళ వయసులో కూడా ఈ సాయం అందాలంటే, బిడ్డకు 15 నిండే సంవత్సరం ముగిసేలోపు కనీసం 2,000 డాలర్లు వేసి ఉండాలి, లేదా అంతకుముందు ఏవైనా నాలుగు సంవత్సరాలలో ఏటా కనీసం 100 డాలర్లయినా వేసి ఉండాలి. అమ్మాయి విషయంలో 2024 మా గడువు. ఖాతా తెరిచే తల్లిదండ్రులు అమెరికా పౌరులైతే ఈ రాబడి మీద అమెరికాకు కూడా లెక్క చెప్పాలి. మేము కాము గనుక ఆ చిక్కు తప్పింది. కానీ అబ్బాయి సొంత పేరిట అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్క రోజు 10,000 అమెరికా డాలర్లు దాటినా అమెరికా ఖజానా శాఖకు తెలియజేయాలి. పుట్టినరోజులకు వచ్చే డబ్బును వాడి పేరిట వేయడం నేను అందుకే మానుకున్నాను.

ఇండియా లెక్క ఒకటి మిగిలింది. హైదరాబాదులో అద్దెకిచ్చిన ఫ్లాటు విలువను మేము కెనడాలో దిగిన తేదీ నాటికి కట్టించి కాగితం దాచాము. ఎప్పుడైనా అమ్మితే ఇక్కడి లాభం లెక్క ఆ రోజు విలువ నుంచే మొదలవుతుంది. విదేశంలో ఉన్న ఇలాంటి ఆస్తుల ఖరీదు మొత్తం 1,00,000 కెనడా డాలర్లు దాటితే, మొదటి ఏడాది తరువాత, ఏటా వేరే ఫారం ఇవ్వాలి.

మా మామగారికి ఆ ఫ్లాటు అద్దె ఒక్కటే చాలదు గనుక ప్రతి నెలా కొంత పంపుతాము. నోటు పుస్తకంలో లెక్కలు రాస్తున్న అమ్మాయి ఒకరోజు, "తాతయ్యకు పంపేది ఖర్చు కింద రాయాలా, అప్పు తీర్చినట్టు రాయాలా?" అని అడిగింది. తన స్నేహితుల ఇళ్ళలో ఇలాంటి పద్దు లేదట. తాతయ్య ఊళ్ళో ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి తండ్రిని చదివించిన సంగతి అప్పుడే దానికి చెప్పాము. మావారు అంకెలతో సహా చెప్పారు: ఎకరం ఎంతకు పోయింది, ఫీజు ఎంత, మిగిలినదెంత. పదమూడేళ్ళుగా మా ఇంట్లో ఉన్న పిల్లకు ఈ కథ తెలియకపోవడానికి కారణం డబ్బు మాటలు దాచిన మా అలవాటేనని నాకు ఆ రాత్రి అర్థమైంది. తాతయ్య ఫోనులో మాట్లాడే తెలుగు అర్థం కావడం లేదని విసుక్కునే పిల్ల, ఆ తరువాత ఆయనను పొలం గురించి తనే అడగసాగింది. ఆయన ఎంతో సంతోషంగా చెప్పేవారు. గట్టు, కౌలు, ధాన్యం బస్తా అనే మాటలు దానికి అలా వచ్చాయి. ఆ పద్దును అమ్మాయి ఏ శీర్షిక కిందా రాయలేదు. నెల మొదటి వరుసలో, ఇంటి అద్దెకన్నా పైన, తాతయ్య అని మాత్రం రాస్తుంది.

2024 వేసవిలో ఒక దుకాణంలో పనిలో చేరతానంది. మేముండే ఒంటారియో రాష్ట్రంలో దుకాణాల పనికి 14 ఏళ్ళు నిండితే చాలు. చదువుకునే పిల్లకు పనేమిటని మావారు వారం రోజులు మాట్లాడలేదు. మన ఇళ్ళలో పిల్లలు పనికి వెళ్ళారంటే ఇల్లు గడవడం లేదని అర్థం. ఇక్కడి పిల్లలకు అది పెద్దవాళ్ళవుతున్న గుర్తు. ఎనిమిదేళ్ళు పని చేసే అనుమతి లేకుండా కూర్చున్న నేను వద్దనలేకపోయాను. వారానికి పన్నెండు గంటలు, సెలవులు ముగిసేవరకే అన్న షరతు మీద ఒప్పించాను. మొదటి జీతం చీటీని ముగ్గురమూ కూర్చుని చదివాము. 18 నిండలేదు గనుక పింఛను చందా పట్టుకోలేదు, ఉద్యోగ బీమా మాత్రం పట్టుకున్నారు. ఆ వేసవిలో వచ్చిన 2,600 డాలర్లకు మరుసటి ఏప్రిల్‌లో తన పేరున రిటర్ను వేయించాను. పన్ను పడకపోయినా, వేస్తే ఆర్.ఆర్.ఎస్.పి.లో 468 డాలర్ల పరిమితి దాని పేరిట నమోదై, ఎన్నేళ్ళయినా నిలిచి ఉంటుంది. మావారే పక్కన కూర్చుని, ఒక్కొక్క గడి దాని చేతనే నింపించారు.

నోటు పుస్తకంలో తమ్ముడికి కూడా ఒక పేజీ కేటాయించింది. వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పేజీ పైన వాడి పేరు, కింద అక్క చేతిరాతలో మూడు వరుసలు ఉన్నాయి: కెనడాలో సంపాదించినా అమెరికాకు కూడా రిటర్ను వేయాలి, 10,000 దాటితే చెప్పాలి, 18 నిండాక టి.ఎఫ్.ఎస్.ఎ. తెరవబోయే ముందు నన్ను అడగాలి, ఎందుకంటే అమెరికా దానికి మినహాయింపు ఇవ్వదు. మిగిలిన పేజీ అంతా ఖాళీగా ఉంది. వాడు దాని మీద పెన్సిలుతో ఒక వంతెన బొమ్మ వేశాడు.