డైలీ ఆర్డర్ షీట్ మీద సంతకం పెట్టే ముందు

"ఐఓ గారు మా పిటిషన్ కొట్టేశారు సార్, దీని మీద పైవాళ్లకి అప్పీలు వేసుకోవచ్చా?"

ఛార్జిషీటు, అంటే శాఖ ఇచ్చే అభియోగపత్రం, అందుకున్నవాళ్లు నాకు ఫోన్ చేసి ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఐఓ అంటే విచారణ నడిపే ఎంక్వయిరీ ఆఫీసరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను శాఖాపరమైన విచారణల్లో ఉద్యోగి తరఫున వాదించే డిఫెన్స్ అసిస్టెంటుగా కూర్చుంటున్నాను. అవతలివాళ్ల గొంతులో టెన్షన్ వింటూ "కుదరదమ్మా" అని చెప్పడం ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1965 నాటి సీసీఎస్ సీసీఏ (కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ) రూల్స్‌లో 22వ రూలు చూడండి. విచారణ నడుస్తుండగా ఎంక్వయిరీ ఆఫీసరు ఇచ్చే ఏ ఆర్డరు మీదా అప్పీలు ఉండదు. మధ్యంతర ఆర్డర్లలో సస్పెన్షన్‌కి మాత్రం మినహాయింపు ఉంది. సాక్షిని పిలవనన్నా, కాగితం ఇవ్వనన్నా, వాయిదా ఇవ్వనన్నా సరే, అప్పటికప్పుడు పైకి వెళ్లే దారి లేదు. ప్రతి చిన్న ఆర్డరుకీ అప్పీలు పెడితే విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది, నిర్దోషికి కూడా అన్నాళ్లూ ప్రమోషన్ ఆగిపోతుంది. ఆ కారణం నేను ఒప్పుకుంటాను.

కోర్టుకి పోదామంటారు కొందరు. క్యాట్ (కేంద్ర ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్) కూడా విచారణ మధ్యలో సాధారణంగా చెయ్యి పెట్టదు. మన ఆంధ్ర నుంచే వెళ్లిన కునిశెట్టి సత్యనారాయణ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇంచుమించు అదే: ఛార్జిషీటు ఇచ్చినంత మాత్రాన ఎవరి హక్కూ పోలేదు, అరుదైన సందర్భాల్లో తప్ప ఆ దశలో కోర్టుకి రావడం తొందరపాటు అని.

ఒక్క తలుపు మాత్రం తెరిచే ఉంది. ఐఓ పక్షపాతంగా ఉన్నారని బయాస్ పిటిషన్ పెడితే, 1972 నవంబరు 9 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, విచారణ ఆపి దాన్ని పై అధికారి నిర్ణయానికి పంపాలి. ఇది చాలా విలువైన హక్కు. కేవలం ఆలస్యం చేయడానికి దీన్ని వాడేవాళ్లంటే నాకు కోపం. నిజంగా పక్షపాతం ఎదురైనవాడు అడిగినప్పుడు కూడా పైవాళ్లు అనుమానంగా చూడటానికి వాళ్లే కారణం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈమధ్య స్టోర్స్ చూసే ఒక అమ్మాయి కేసు నా దగ్గరికి వచ్చింది. సరుకు తగ్గిందని అభియోగం. తను చార్జి తీసుకునే నాటికే తగ్గి ఉందని ఆమె అంటుంది. అది తేలాలంటే అంతకుముందు సంవత్సరం స్టాకు రిజిస్టరు, చార్జి అప్పగించినప్పటి కాగితం కావాలి. రెండూ అడిగాం, ఏది ఎందుకు కావాలో ఎదురుగా రాసి మరీ ఇచ్చాం. ఐఓ గారు "సంబంధం లేనివి, నిరాకరించడమైనది" అని ఆ రోజు విచారణలో జరిగింది ఎక్కించే డైలీ ఆర్డర్ షీట్ మీద రాసి మా వైపు తోశారు.

ఆ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. "నేను సంతకం పెట్టను సార్, లేచి వెళ్లిపోదాం" అంది నా చెవిలో. చాలామంది చేసేది అదే. వెళ్లిపోతే ఎక్స్‌పార్టీగా (అంటే మనం లేకుండానే) నడిపేస్తారు, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం కూడా పోతుంది. "సంతకం పెట్టమ్మా, కానీ దానిపైన ఇది రాసి పెట్టు" అన్నాను. నేను చెప్తుంటే ఆమె రాసింది: "అడిగిన రెండు పత్రాలు నేను చార్జి తీసుకున్న నాటి నిల్వను చూపిస్తాయి. అవి లేకుండా అభియోగానికి జవాబు చెప్పుకోలేను. 14వ రూలు 12వ ఉపనిబంధన ప్రకారం నిరాకరణకు కారణాలు రాయాలి, రాయలేదు. ఈ అభ్యంతరాన్ని నిలుపుకుంటూ విచారణలో పాల్గొంటున్నాను." కింద సంతకం, తేదీ. కాపీ అడిగి తీసుకున్నాం.

తర్వాతి సిట్టింగులో శాఖ తరఫు సాక్షిగా పాత స్టోర్‌కీపర్ వచ్చాడు. క్రాస్‌లో అడిగాను.

"పాత స్టాకు రిజిస్టరు ఇప్పుడు మీ ఆఫీసులో ఉందాండీ?"

"ఉందండి."

"చార్జి ఇచ్చిన రోజు నిల్వ అందులో ఎక్కించారా?"

"ఎక్కించామండి."

అంతటితో కూర్చున్నాను. రిజిస్టరు మా చేతికి రాలేదు. అది ఉందనీ, అందులో మాకు కావలసిన అంకె ఉందనీ శాఖ సాక్షి నోటితోనే రికార్డులోకి వచ్చింది.

శిక్ష పడింది, ఇంక్రిమెంట్లు ఆపారు. నలభై అయిదు రోజుల గడువు లోపే అప్పీలు వేశాం. అందులో మొదటి పేరాలోనే ఆ ఆర్డర్ షీట్ తేదీ, మా అభ్యంతరం, ఆ సాక్షి రెండు జవాబులు పెట్టాం. 27వ రూలు ప్రకారం అప్పీలు అధికారి చూడాల్సిన మొదటి విషయం పద్ధతి పాటించారా, పాటించకపోతే న్యాయం దెబ్బతిందా అని. హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పిందీ గుర్తుంచుకోవాలి. విచారణ నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి తీరాలంది. అయితే ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతటదే రద్దు కాదు, ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నష్టం జరిగిందా అని చూడాలంది. మన నష్టం ఏమిటో అప్పటికప్పుడు కాగితం మీద పెట్టకపోతే తర్వాత చూపించడం చాలా కష్టం.

అప్పీలు అధికారి శిక్ష రద్దు చేసి, పత్రాలిచ్చి అక్కడి నుంచి మళ్లీ విచారించమన్నారు. సంతోషమే. కానీ ఈలోగా ఆ స్టోర్‌కీపర్ రిటైరై సొంతూరు వెళ్లిపోయాడు, ఆరోగ్యం బాగోక రాలేనని ఉత్తరం రాశాడు. ఆ అమ్మాయి మరోసారి సెలవులు పెట్టుకుని తిరుగుతోంది.

అందుకే 22వ రూలు మొత్తం తీసేయమని నేను అనను. పత్రాల నిరాకరణ ఒక్కదాన్ని మాత్రం వేరుగా చూడాలి. నిరాకరించిన ఆర్డరును క్రమశిక్షణాధికారి పై అధికారి ఒకసారి చూసి, పదిహేను రోజుల్లో ఔననో కాదనో చెప్పాలి. గడువు దాటితే పత్రం ఇచ్చినట్టే లెక్కకట్టాలి. బయాస్ పిటిషన్ కోసం విచారణ ఆపగలిగినప్పుడు, ఒక రిజిస్టరు కోసం పదిహేను రోజులు ఆగలేమా? ఈ మాట మా పెన్షనర్ల సంఘం వినతిపత్రంలో పెట్టించాలని పట్టుబడుతున్నాను. విచారణ ఎదుర్కొంటున్నవాళ్లు ఎవరైనా మీ నిరాకరణ ఆర్డర్ల కాపీలు పేర్లు కొట్టేసి పంపితే, ఆ వినతిపత్రానికి జతచేస్తాను.