పిన్ అంటే ఏ పిన్ను?

మొన్న శుక్రవారం ఒక ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్ళేది) మాన్యువల్ అనువాదం పూర్తి చేసి పంపించేశా, 64 పేజీలు, ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కి. మిగతాదంతా గబగబా సాగిపోయింది గానీ ఒక్క వాక్యం దగ్గర సగం రోజు కూర్చుండిపోయా. "బయల్దేరే ముందు పిన్ సరిగ్గా పెట్టి ఉందో లేదో చూసుకోండి" అని ఉంది, అంతే. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే మాటే. కానీ జర్మన్‌లో రాయాలంటే అది ఏ పిన్నో తెలియాలి, ఎందుకంటే వీళ్ళకి అన్నిటికీ సరిపోయే పిన్ అనే మాటే లేదు.

చిన్నగా ఉండి రంధ్రంలోకి కొట్టి కూర్చోబెట్టేది ష్టిఫ్ట్. లావుగా ఉండి బరువు మోస్తూ, రెండు భాగాలు దాని చుట్టూ తిరిగేలా ఉండేది బోల్ట్‌సెన్. తీగని రెండుగా మడిచి, రంధ్రంలోంచి దూర్చాక చెవులు రెండూ చెరో పక్కకి వంచేది ష్ప్లింట్, పాత పుస్తకాల్లో జర్మన్ ప్రమాణం నంబరు డిన్ 94 అని కనిపిస్తుంది, ఇప్పుడు అంతర్జాతీయ నంబరు ఐఎస్ఓ 1234. వేలితో లాగితే వచ్చేసే స్ప్రింగు తీగ పిన్ను ఫేడర్‌ష్టెకర్. పెద్ద లారీల సెమీట్రైలర్ కింద వేలాడుతూ మొత్తం లాగుడంతా తన మీద వేసుకునే రెండంగుళాల ఉక్కు ముక్క ఉంటుంది చూశారా, అది కోనిగ్స్‌ట్సాప్ఫెన్, అంటే రాజు చీల అన్నమాట. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో పక్కన ఇంకో మాట తగిలించి పిన్ అనేయొచ్చు, ఒక్కోసారి ఆ పక్కమాట కూడా ఉండదు. పైగా కాటర్ పిన్ అంటే అమెరికా వాడికి ష్ప్లింట్, ఇంగ్లండ్‌లో పాత సైకిళ్ళు బాగుచేసే వాడికేమో పెడల్ క్రాంక్‌ని ఇరుసుకి పట్టి ఉంచే వాలుగా చెక్కిన చీల. అందుకే మాన్యువల్ ఏ దేశం వాడు రాశాడన్నది ముందు చూసుకోవాలి.

క్లయింట్‌కి మెయిల్ పెట్టా, డ్రాయింగ్ ఉంటే పంపండి అని. డ్రాయింగ్ లేదు గానీ గోడౌన్‌లో ఎవరో ఫోన్‌తో తీసిన ఫోటో వచ్చింది. పొట్టి కడ్డీ, తల దగ్గర గుండ్రటి రింగు, కడ్డీని దూర్చాక రింగుని అవతలికి తిప్పి పడేస్తే ఇంక ఊడి రాదు. క్లాప్‌ష్టెకర్, డిన్ 11023. ట్రాక్టర్ పనిముట్ల దగ్గర ఎక్కడ చూసినా ఇదే.

ఆ ఫోటో చూస్తూ చాలాసేపు ఉండిపోయా. మా తాతయ్య ఎడ్లబండికి ఇరుసు చివర పెట్టేది కూడా ఇదే పని చేసేది, కడచీల. పొద్దున్నే బండి కట్టేముందు రెండు పక్కలా దాన్ని చేత్తో తట్టి చూసేవాడు, అది ఊడితే చక్రం ఊడినట్టేరా అనేవాడు. మనవాళ్ళు అది ఉండే చోటుని బట్టి పేరు పెట్టారు, ఇరుసు కడన ఉండే చీల. జర్మన్ వాళ్ళేమో అది చేసే పనిని బట్టి పెట్టారు, మడిచి పడేసే పిన్ను. అలాగే బండికి నొగ అంటాం కదా, ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చే ఆ భాగమే జర్మన్‌లో డైక్సెల్, గుర్రబ్బండి కాలం నుంచీ అదే మాట, ఇప్పుడు కారు వెనక కట్టుకెళ్ళే ఇల్లు లాంటి కారవాన్‌కి కూడా అదే. నాకు ఇలాంటివి దొరికిన రోజు అన్నం కూడా గుర్తు రాదు.

నేను ఉండేది జర్మనీలో, ఆగ్స్‌బుర్గ్ ఊరి పక్కన. చదివింది మెకానికల్, చేసేది మాన్యువల్స్ అనువాదం, ఎక్కువ ట్రైలర్లు, క్రేన్లు, సామాను కట్టే బెల్టులు. మొదట్లో జరిగిన ఒక తప్పు చెప్పాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాన్యువల్‌లో టో బార్ అని ఇరవై చోట్ల ఉంది. టో అంటే లాగడం, బార్ అంటే కడ్డీ, కాబట్టి ఆప్‌ష్లెప్‌ష్టాంగె అని ఇరవై చోట్లా రాసేశా. ఆ మాట తప్పేం కాదు, డిక్షనరీలో ఉంది, ఆగిపోయిన బండిని ఇంకో బండికి కట్టి లాక్కెళ్ళే ఇనప కడ్డీకి అదే పేరు. కానీ ఇంగ్లండ్‌లో టో బార్ అంటే కారు వెనకాల పర్మనెంట్‌గా బిగించి ఉండే బంతి హుక్కు, దాని జర్మన్ పేరు ఆన్‌హెంగర్‌కుప్లుంగ్. వర్క్‌షాప్‌లో ఒక పెద్ద మైస్టర్, అంటే మేస్త్రి, అరవై దగ్గర ఉంటాయి, నాకు ఫోన్ చేసి చాలా మర్యాదగా "ఈ కడ్డీని కారుకి నాలుగు బోల్టులతో బిగించమన్నారు, ఎక్కడ బిగించాలండీ?" అని అడిగాడు. తల కొట్టేసినంత పనైంది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం తిరగరాశా. మర్నాడు ఆయనే రమ్మని పిలిచి, కారు లిఫ్ట్ మీదకెక్కించి, కింద నుంచి ఒక్కొక్కటీ చేత్తో చూపించాడు, బంతి ఇది, 50 మిల్లీమీటర్లు, బంతి మెడ ఇది, ట్రైలర్ ముక్కు బంతి మీద వేసే బరువు ఇక్కడ పడుతుంది అని. ఆ బరువుని ఇంగ్లండ్ వాళ్ళు ముక్కు బరువు అంటారు, అమెరికా వాళ్ళు నాలుక బరువు అంటారు, జర్మన్‌లో మాత్రం ష్టుట్స్‌లాస్ట్, ఆనుకునే బరువు. ఇది చాలా కార్లకి 75 నుంచి 100 కిలోల దాకా ఉంటుంది, మొత్తం లాగగలిగే బరువు ఆన్‌హెంగెలాస్ట్ వేరే, అది టన్నుల్లో ఉంటుంది. ఈ రెండూ తారుమారు చేసి రాస్తే ఏమవుతుందో ఆలోచించండి.

టో అనే క్రియ ఇంకా ఇబ్బంది, ఎందుకంటే అక్కడ భాషతో పాటు చట్టం కూడా ఉంది. పాడై ఆగిపోయిన బండిని సాయంగా దగ్గర్లో ఉన్న గ్యారేజ్‌కి చేర్చడం ఆప్‌ష్లెప్పెన్. మోటార్ బండిగా తయారైన దాన్ని ట్రైలర్ లాగా వెనక కట్టుకుని తిప్పడం ష్లెప్పెన్, దీనికి పర్మిషన్ కావాలి, బండ్ల రిజిస్ట్రేషన్ నియమాల్లో 33వ సెక్షన్ ఇదే. మామూలు ట్రైలర్‌ని లాగడం ట్సీయెన్. ఒక్క ఆప్ ముక్క పడిపోతే చదివేవాడికి చేయొచ్చన్నది చేయకూడనిదైపోతుంది. ఆప్‌ష్లెప్పెన్‌కి కూడా రూల్స్ ఉన్నాయి, రెండు బండ్లకీ హజార్డ్ లైట్లు వెలగాలి, ఆటోబాన్ (జర్మన్ ఎక్స్‌ప్రెస్ హైవే) మీద ఆగిపోతే తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోవాలి, తాడుతో కడితే బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు, తాడు కనపడేలా ఎర్ర గుడ్డ లాంటిదేదో కట్టాలి.

బోల్టు సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. బోల్ట్ అనగానే బోల్ట్‌సెన్ అని చెయ్యి దానంతటదే టైప్ చేసేస్తుంది, కానీ మర ఉండి నట్టు పడేది జర్మన్‌లో మామూలుగా ష్రౌబె, బోల్ట్‌సెన్ అంటే ఎక్కువగా మర లేని కడ్డీ. ఇంతకంటే నన్ను భయపెట్టేది గ్రేడ్, అంటే బోల్టు ఎంత బలమైనదో చెప్పే అంకె. అమెరికా మాన్యువల్‌లో గ్రేడ్ 8 బోల్ట్ అని ఉంటే, మిషన్ అనువాదం దాన్ని ఇక్కడి లెక్కలో 8.8 అని రాయడం నా కళ్ళతో చూశా. 8.8లో మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్, రెండోది అందులో పదింట ఎనిమిది వంతుల దగ్గర సాగడం మొదలవుతుందని, అంటే 640. గ్రేడ్ 8 అయితే 1,50,000 పిఎస్ఐ, అంటే 1,030 మెగాపాస్కల్ పైన. దానికి దగ్గరగా ఉండేది 10.9. గ్రేడ్ 5 దగ్గర పెట్టాల్సిన 8.8ని గ్రేడ్ 8 చోట పెట్టి, గ్రేడ్ 8కి ఇచ్చిన టార్క్‌తోనే (తిప్పే బలంతోనే) బిగిస్తే బోల్టు సాగిపోతుంది, బయటికి కనపడదు కూడా. వర్క్‌షాపుల్లో ఒక సామెత ఉంది, "నాఖ్ ఫెస్ట్ కొమ్ట్ ఆప్", గట్టిగా బిగిసాక వచ్చేది ఊడిపోవడమే అని. మైస్టర్ ఆ మాట అన్నప్పుడల్లా మణికట్టు తిప్పి చూపిస్తాడు.

బెల్టులు కూడా అంతే. స్ట్రాప్, స్లింగ్ అని ఇంగ్లిష్‌లో కలిపేసి రాస్తారు. లారీ మీద సామాను కదలకుండా కట్టేది ట్సుర్‌గుర్ట్, క్రేన్‌తో ఎత్తేటప్పుడు వాడేది ఆన్‌ష్లాగ్‌మిట్టెల్, చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. పాలియెస్టర్ ట్సుర్‌గుర్ట్‌కి నీలం లేబుల్, దాని మీద ఎత్తడానికి వాడకూడదని రాసి ఉంటుంది, బలం డెకాన్యూటన్లలో ఉంటుంది, ఒక డెకాన్యూటన్ దాదాపు ఒక కిలో బరువు. ఇక్కడ మాట తప్పితే కింద నిలబడ్డ మనిషి మీద సామాను పడుతుంది.

అందుకని ఇప్పుడు నా టర్మ్ లిస్టులో ఒక కాలమ్ ఫోటోకి పెట్టా, ఫోటో లేని మాట ఖరారు చేయను. సోమవారం నుంచి పడవ ట్రైలర్ మాన్యువల్ మొదలవుతుంది, రెండో పేజీలోనే "స్ట్రాప్‌ని బిగించండి" అని ఉంది, ఏ స్ట్రాప్, పడవని ట్రైలర్ మీదకి లాగే వించ్‌దా, పడవ వెనక కట్టేదా, ఫోటో పంపమని ఇందాకే మెయిల్ పెట్టా.