సీసా వెనక చిన్న అక్షరాలు చదవడం నేర్చుకున్నాక

పాప కడుపులో ఉండగా నా చెంపల మీద మొదలైన మంగు కాన్పయ్యాక కూడా పోలేదు. ఊరి నుంచి ఫోన్ చేసిన వాళ్లంతా తలా ఒక క్రీము పేరు చెప్పేవారు. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇక్కడ ఏ మెడికల్ షాపుకెళ్లినా ఒక అర నిండా సీరమ్‌లే ఉంటాయి: విటమిన్ సి, నియాసినమైడ్, హైలూరానిక్ యాసిడ్, రెటినాల్. ఏది ఏం చేస్తుందో తెలియకుండా ముఖానికి ఏదీ పూయకూడదని గట్టిగా అనుకున్నాను. పాపకు పాలిస్తున్నాను కాబట్టి మరీను.

చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఆఫీసుకి ఎలా వెళ్తారమ్మా?" కంపెనీ క్యాబ్‌లో, ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటానని చెప్పాను. "ఎడమ చెంప ఇంకాస్త ముదురుగా ఉంది, చూసుకున్నారా?" అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేస్తే నిజమే. పొద్దున అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు వైపు వెళ్లేటప్పుడు తూర్పు ఎండ ఎడమ పక్కనే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పడమటి ఎండ కూడా మళ్లీ ఎడమ పక్కనే. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో, చర్మాన్ని కాల్చే యూవీబీని కారు పక్క అద్దం చాలావరకు ఆపుతుంది కానీ, చర్మం లోతుకు దిగే యూవీఏని చాలా మటుకు లోపలికి వదిలేస్తుంది. మామూలు వెలుతురు ఎలాగూ వస్తుంది, మంగును ముదిరించడానికి అది కూడా చాలు. పైగా బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. గాలి చల్లగా తగులుతుంది కాబట్టి ఎండ లేదనుకుంటాం. మబ్బు పట్టిన రోజున కూడా యూవీ కిందికి దిగుతూనే ఉంటుంది.

అందుకే నా చదువు సన్‌స్క్రీన్‌తో మొదలైంది. ఎస్‌పీఎఫ్ అంటే యూవీబీ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో సుమారు 97 శాతం ఆపితే, 50 సుమారు 98 శాతం ఆపుతుంది. తేడా అంతే. అయితే ఆ అంకె రావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూయాలి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా గీసినంత అన్నమాట. బఠాణీ గింజంత తీసుకుని రాస్తే ఎస్‌పీఎఫ్ 50 కాస్తా ఎక్కడికో పడిపోతుంది. యూవీఏ సంగతి చెప్పేది పక్కనుండే పీఏ, దాని వెంట ఉండే ప్లస్ గుర్తులు. మరి వెలుతురు మాటేమిటి? దాన్ని మామూలు సన్‌స్క్రీన్‌లు పెద్దగా ఆపవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత మట్టి రంగు ఉన్నవి ఆపుతాయి. ట్యూబ్ వెనక సీఐ 77491, 77492, 77499 అన్న అంకెలు కనిపిస్తే అవి ఐరన్ ఆక్సైడ్లే. మంగు ఉన్నవాళ్లు ఒక్క వస్తువు మాత్రమే కొనగలిగితే ఇదే కొనమంటాను.

వెనకవైపు జాబితా ఎలా చదవాలో కూడా డాక్టరమ్మే చూపించారు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయొచ్చు. క్రీము చెడిపోకుండా వేసే ఫినాక్సీఎథనాల్ మామూలుగా 1 శాతం దాటదు. కాబట్టి దాని తర్వాత వచ్చే పేర్లన్నీ చిటికెడు చిటికెడే. మా అత్తయ్యగారు ఇష్టంగా వాడే ఒక కుంకుమపువ్వు క్రీము తిప్పి చూశాను. నీళ్లు, గ్లిజరిన్, మినరల్ ఆయిల్, ఆ తర్వాత ఇంకెన్నో పేర్లు, ఫినాక్సీఎథనాల్, అది కూడా దాటాక సువాసన పక్కన కుంకుమపువ్వు. ఆవిడ చర్మం మెత్తగా ఉందంటే ఆ పుణ్యం గ్లిజరిన్‌ది. అలాగని 1 శాతం లోపు ఉన్నవన్నీ దండగ అనుకోకూడదు. మొటిమలకిచ్చే అడాపలీన్ 0.1 శాతంతోనే పని చేస్తుంది.

నాకు రాసిచ్చింది రాత్రిపూట అజెలాయిక్ యాసిడ్ 10 శాతం. చర్మంలో రంగు తయారు కావడానికి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి, ఇది దాన్ని అడ్డుకుంటుంది. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చని చెప్పారు. విటమిన్ ఏ రకానికి చెందిన రెటినాల్, ట్రెటినాయిన్ లాంటివి మాత్రం అప్పట్లో వద్దన్నారు. గర్భంతో ఉన్నవాళ్లు అయితే వాటి జోలికే పోకూడదు. మొదట్లో పూయగానే చెంపల మీద చీమలు పాకినట్టు ఉండేది. అది మామూలేనని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. పొద్దున నియాసినమైడ్, అంటే విటమిన్ బీ3, 5 శాతం. తయారైన రంగు పై కణాలకు చేరకుండా ఇది తగ్గిస్తుంది, చర్మం పైపొరను కూడా గట్టిపరుస్తుంది. ఒకటి తయారీ దగ్గర, ఇంకొకటి రవాణా దగ్గర పని చేస్తాయని అర్థమయ్యాక రెండూ ఎందుకో నాకు స్పష్టమైంది.

విటమిన్ సి మంచిదే కానీ గాలి, వెలుతురు తగిలితే పాడవుతుంది. సీసాలో ముదురు గోధుమ రంగుకు తిరిగిందంటే పారేయడమే. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి జిడ్డును వదిలిస్తుంది. అది మొటిమల వాళ్లకు, నాకు అవసరం లేదు. హైలూరానిక్ యాసిడ్ నీటిని పట్టి ఉంచుతుంది. ఆ పని చవకైన గ్లిజరిన్ కూడా చేస్తుంది. ఏది పూసినా పైన సెరమైడ్లో (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు), వాజలీన్ లాంటిదో ఉన్న మాయిశ్చరైజర్ లేకపోతే ఏసీ ఆఫీసులో ఆ తేమ నిలవదు.

కొన్ని నెలలకు చెంపల మీద మంగు బాగా పలచబడింది. పై పెదవి మీద ఇంకా ఉంది. మంగు పూర్తిగా పోయినట్టు కనిపించినా ఎండ తగిలితే తిరిగొస్తుంది, అందుకే సన్‌స్క్రీన్ ఆపలేదు.

ఈ చదువంతా నాకంటే ఎక్కువగా మా వదినకు పనికొచ్చింది. అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎర్రగా, పల్చగా, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తూ ఉంది. "మెడికల్ షాపతను ఇచ్చిన క్రీము పిల్లా, వారంలో తెల్లబడ్డాను. మానేస్తే మంట, అందుకే రోజూ రాస్తున్నా" అంది. ట్యూబ్ తిప్పి చూస్తే చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే అది మందే. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఆపితే మంట రేగుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ హెచ్చరిక ట్యూబ్ మీద అచ్చయి ఉన్నా ఆమెకు చీటీ ఎవరూ అడగలేదు. నాకు చాలా కోపం వచ్చింది, బాధ కూడా వేసింది.

"ఈ రోజే ఆపేస్తా" అని వదిన భయపడింది. "అట్లా ఒక్కసారిగా ఆపొద్దు వదినా" అని మర్నాడే మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఆ స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పుడు వదిన సువాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడుతోంది. ఎరుపు చాలా తగ్గింది. చర్మం కుదుటపడ్డాకే మంగుకు అజెలాయిక్ మొదలుపెడదామన్నారు. ఆ ట్యూబ్ ఫొటో మా చుట్టాల గ్రూపులో పెట్టి, మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లు మీ ఇంట్లోని ఫెయిర్‌నెస్ ట్యూబుల మీద ఉన్నాయేమో చూసుకోండని రాశాను. ఆ రాత్రే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది, దాన్ని కూడా వచ్చే వారం రమ్మన్నాను.