గ్యారేజీలో వీ8, ఆటోనగర్‌లో మామయ్య

మా ఒహాయో తెలుగు కుటుంబాల్లో మావాడి వయసు పిల్లలు కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీకి చదువుతుంటే, వీడు పాత షెవీ 350 (షెవ్రొలే వాళ్ల ఎనిమిది సిలిండర్ల వీ8) ఇంజిన్ విప్పి గ్యారేజీలో స్టాండుకెక్కించాడు. "ఆ గ్రీజు పనులెందుకండీ, కోడింగ్ క్లాసులో చేర్పించొచ్చుగా" అంటారు. వాడు దానికి హెడ్లు (సిలిండర్లను పైన మూసే భాగాలు) ఎంచుకునేటప్పుడు పక్కన ఉండి చూసుంటే ఆ మాట అనరు.

గాలి వెళ్లేదీ పొగ బయటికొచ్చేదీ సిలిండర్ హెడ్ల గుండానే కాబట్టి, ఇంజిన్ బలం చాలావరకు వాటి మీదే ఆధారపడుతుంది. 1996-2000 మధ్య షెవీ ట్రక్కుల్లో వచ్చిన వోర్టెక్ ఇనుప హెడ్లు జంక్‌యార్డులో చవగ్గా దొరుకుతాయి, మంచివే. కానీ వాటికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని హెడ్లకు పంచే భాగం) వేరే కొనాలి. వాల్వు సీట్ల (మూసుకున్నప్పుడు వాల్వులు ఆనే అంచుల) దగ్గర పగుళ్లున్నాయేమో చూపించుకోవాలి. వాల్వును బాగా ఎత్తే క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) పెడితే మెషీన్ షాపు పని తప్పదు. అన్నీ కలిపితే ఖర్చు చవకరకం కొత్త అల్యూమినియం హెడ్ల దగ్గరికే వస్తుంది.

ఆ కొత్తవాటిలో వాడి కన్ను 210 సీసీ పోర్టుల (గాలి లోపలికెళ్లే దారుల) మీద పడింది. రోజూ రోడ్డు మీద తిరిగే 350కి అంత పెద్దవి వద్దు. తక్కువ ఆర్‌పీఎంలో పోర్టులో గాలి వేగం పడిపోయి, సిగ్నల్ దగ్గర బండి లాగదు. 180 నుంచి 195 చాలు. ఇక చాంబర్ (హెడ్లో ఇంధనం మండే గుంట) ఎంతుండాలో పిస్టన్లను బట్టి తేల్చాలి. బోరు (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.48, గ్యాస్కెట్ మందం అన్నీ వేసి వాడే లెక్క కట్టాడు. తన ఫ్లాట్‌టాప్ (పైభాగం చదునుగా ఉండే) పిస్టన్లతో చాంబర్ 76 సీసీ అయితే కంప్రెషన్ (లోపలి గాలి ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో) సుమారు ఎనిమిదిన్నర, 64 అయితే తొమ్మిదిన్నర దాటుతుంది. ఇది చదువు కాదా?

విజయవాడ ఆటోనగర్‌లో మా అన్నయ్య లారీ ఇంజిన్ల పని చేస్తాడు. పండక్కి ఫోన్ చేసినప్పుడు "బాగున్నారా మామయ్యా" దాటి మాట సాగని పిల్లాడు, ఇప్పుడు తనే వీడియో కాల్ చేస్తున్నాడు. వాల్వు, గైడు (వాల్వు కాడ జారే గొట్టం), సీటు ఇద్దరికీ తెలిసినవే, మిగతా తెలుగు వాటి వెంట వస్తోంది. వాడు తప్పుగా మాట్లాడినా అన్నయ్య దిద్దడు, పని చెబుతాడు.

"అల్లుడూ, వాల్వులు బిగించొచ్చిన హెడ్డని నమ్మొద్దు. ప్లగ్గు బిగించి, చాంబర్లో కిరసనాయిలు పోసి చూడు. పోర్టులోకి కారితే వాల్వు సీటు మీద సరిగా కూర్చోలేదన్నట్టే. ఒక వాల్వు విప్పి, గైడులో ఆడుతోందేమో కూడా చూడు."

చవక హెడ్ల విషయంలో ఇంతకన్నా మంచి సలహా నాకెక్కడా కనపడలేదు. వాటిలో పోత బాగానే ఉన్నా, వాల్వు పని, స్ప్రింగుల దగ్గర తేడాలుంటాయి. అందుకే 195 సీసీ, 64 చాంబర్ జత ఖాయం చేసుకుని, క్యామ్‌కి సరిపడే స్ప్రింగులకూ మెషీన్ షాపు పరీక్షకూ డబ్బు విడిగా తీసిపెట్టాడు. పుష్‌రాడ్లు (క్యామ్ కదలికను వాల్వుల వైపు చేర్చే కడ్డీలు) మాత్రం హెడ్లు ఎక్కించి, పొడవు కొలిచాకే కొంటాడు.